మన పిల్లల కథల్లో అసలు జంతువులేవీ?

నక్క జిత్తులమారి, గాడిద మొద్దు, గుడ్లగూబ అపశకునం, పాము పగబట్టేది, రాబందు పీక్కుతినేది. బడి మెట్లు ఎక్కకముందే మన పిల్లలకు ఈ పాఠాలన్నీ వచ్చేస్తాయి. పెద్దయినా వదలవు. వీసా పేరుతో లక్షలు గుంజి మోసం చేసే నకిలీ ఏజెంట్లను మనం ఏమని తిడతాం? రాబందులనే కదా! నిజానికి రాబందు బతికున్నవాడి జోలికి రాదు. చచ్చిన పశువును తిని, ఊరికి రోగాలు రాకుండా చూస్తుంది. ఏజెంటుకు ఆ పేరు పెట్టడం రాబందుకే అవమానం.

ఆ రాబందుకు ఏమైందో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పశువులకు నొప్పులు తగ్గడానికి డైక్లోఫెనాక్ అనే మందు ఇచ్చేవారు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై ప్రాణం పోయేది. 1990ల నుంచి మన దేశంలో ముఖ్యమైన రాబందు జాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా ఇలాగే మాయమయ్యాయి. పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఇది కథ కాదా? ఇందులో ఏడుపు లేదా, నీతి లేదా? అయినా మన ఇళ్లలో ఈ కథ చెప్పేవాళ్లు లేరు.

పాత కథలు వద్దని కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అందించిన నాటి నుంచి, 1947లో మొదలై 2013 నాటికి ఆగిపోయిన చందమామ దాకా, మనకు తెలుగు నేర్పింది ఈ జంతువుల కథలే. సౌదీలో ఉన్నవాళ్లకు ఇంకో ముచ్చట. మన పంచతంత్రం ఆరో శతాబ్దంలో పర్షియాకు పోయి పహ్లవీ భాషలోకి మారింది. అక్కడి నుంచి ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అనే రచయిత దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. మన కరటక దమనకులే అరబ్బీలో కలీలా, దిమ్నా. మీ సైటులో ఈజిప్టు ఇంజినీరునో, సిరియా ఫోర్‌మన్‌నో అడిగి చూడండి, మొహం విప్పారుతుంది. మనకంటే వెయ్యేళ్లకు ముందే మన నక్కలు గల్ఫ్ చూసి వచ్చాయన్నమాట!

కానీ ఒక్క మాట. ఆ కథల్లో సింహం అంటే రాజు, నక్కలంటే మంత్రులు. అంటే తోలు జంతువుది, లోపల ఉన్నది మనిషి. మనుషుల మధ్య ఎలా మెలగాలో నేర్పడానికి అవి పుట్టాయి, ఆ పని బాగా చేశాయి. సింహానికి ఎంత అడవి కావాలి, నీళ్లు ఎండితే జింక ఎటు పోతుంది అన్న ప్రశ్న వాటికి అవసరం లేదు. వాటిలో ఒక్క ముంగిస కథ మాత్రం వేరు. పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను, మూతికి నెత్తురు చూసి తొందరపడి చంపేస్తారు. అక్కడ జంతువు వేషం వేసుకున్న మనిషి లేడు. జంతువుకు మనిషి చేసిన అన్యాయం ఉంది. ఇప్పుడు మన పిల్లలకు కావలసిన కథలు ఆ ముంగిస దగ్గర మొదలవ్వాలని నా అభిప్రాయం.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మనలో చాలామంది ఊళ్లు అడవి పక్కనే ఉన్నాయి. నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో పరుచుకున్న కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో పులి దాడికి ఇద్దరు చనిపోయారు. 2024 జనవరిలో అదే జిల్లా కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు శవాలై కనిపించాయి. విషప్రయోగం జరిగిందని అటవీ అధికారులు తేల్చారు. ఇటు మనిషి ప్రాణం, అటు పులి ప్రాణం. అడవి పందులకని పొలం చుట్టూ పెట్టే కరెంటు తీగలకు పులులూ బలయ్యాయి, మనుషులూ బలయ్యారు.

ఆ ఊళ్ల పిల్లలకు "పులి మన జాతీయ జంతువు, కాపాడుకుందాం" అని ఒక్క ముక్క చెబితే సరిపోదు. చేనుకు పోయిన మనిషి తిరిగి రాని ఇంట్లో ఆ మాట చెల్లదు. అలాగని పులి రాక్షసి అని చెబితే, రేపు విషం పెట్టే చేతులను మనమే తయారు చేసినట్టు. కథ రెండు వైపులా నిజం చెప్పాలి. పశువు పోయిన రైతు బాధ, పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరిగే కష్టం చెప్పాలి. పులి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి.

ఎందుకు వస్తుంది? పులి పిల్లకు రెండేళ్లు వచ్చేసరికి తల్లి అడవిలో చోటు ఉండదు. కొత్త జాగా వెతుక్కుంటూ ఒంటరిగా బయలుదేరుతుంది. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి ప్రాణహిత నది దాటి మన అడవుల్లోకి వచ్చే పులులు అలాంటివే. దారిలో పత్తి చేన్లు, రైలు పట్టాలు, రోడ్లు. తెలియని చోటు, తెలియని మనుషులు. బతుకుదెరువు కోసం ఊరు దాటడం అంటే ఏమిటో గల్ఫ్ కార్మికుడి బిడ్డకు విడమరచి చెప్పాలా? నాన్న ఎందుకు పోయాడో తెలిసిన పిల్లకు పులి ఎందుకు వచ్చిందో ఇట్టే అర్థమవుతుంది.

కట్టడం పనిలో ఉన్నవాడిగా ఇంకో మాట. మన నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో నుంచి పోతుంది. అక్కడ రోడ్డును వంతెనల మీదుగా లేపి, కింద జంతువులు దాటే దారులు వదిలారు. ఆ దారుల్లో పులులు నడవడం కెమెరాలకు చిక్కింది. సెంట్రింగ్ కొట్టి, కాంక్రీటు పోసి ఆ వంతెనలు నిలబెట్టింది మనలాంటి కూలీలే. అడవిని కాపాడే కథల్లో ఆఫీసర్లే హీరోలు కావాలని రూలేమీ లేదు. ఒక మేస్త్రీ, ఒక రాడ్‌బెండర్ ఎందుకు కాకూడదు?

సౌదీలో ఉన్నవాళ్లకు చెప్పుకోవడానికి ఇక్కడి కథే ఒకటుంది. ఖతర్ ఎయిర్‌వేస్ విమానం తోక మీద పొడుగు కొమ్ముల జంతువు బొమ్మ చూశారా? అది ఓరిక్స్, అరబ్బులు అల్ మహా అంటారు. తెల్లని ఒళ్లు, కత్తుల్లాంటి కొమ్ములు. వేట వల్ల 1972లో అరేబియా ఎడారిలో దాని ఆఖరి మంద కూడా పోయింది. అదృష్టం కొద్దీ 1960లలోనే కొన్నింటిని అమెరికాలోని ఫీనిక్స్ జూకు తరలించి పెంచారు. సౌదీ ప్రభుత్వం 1986లో తాయిఫ్ దగ్గర పరిశోధన కేంద్రం పెట్టింది. 1990లో మహాజత్ అస్ సైద్‌లో కంచె వేసిన ఎడారిలోకి, 1995లో రుబ్ అల్ ఖాలీ అంచున ఉన్న ఉరూఖ్ బనీ మఆరిద్‌లోకి వాటిని వదిలారు. ఆ రెండో చోటుకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మహాజత్‌లో మాత్రం వేటగాళ్ల నుంచి కాపాడిన కంచే, కరువొచ్చినప్పుడు గడ్డి వెతుక్కుంటూ పోనివ్వక వందల ఓరిక్స్‌ల ప్రాణం తీసింది. కంచె అంటే రక్షణ కూడా, బందీ కూడా. ఈ మాట మనకు ఇంకొకరు విప్పి చెప్పక్కర్లేదు.

మన కడప కథ ఇంతకు తీసిపోదు. కలివి కోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందని అంతా అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టింది శాస్త్రవేత్త కాదు, రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానిక వేటగాడు. అతని విద్య తోడు లేకపోతే శాస్త్రవేత్తల వెతుకులాట ఫలించేది కాదు. చదువు లేనివాడి తెలివికి ఇంతకన్నా మంచి కథ ఏముంది?

"ముందు మనుషుల గోడు చూడండి, జీతాలు రాక చస్తుంటే జంతువులెందుకు?" అని రూములో కొందరు అంటారు. అందులో న్యాయం ఉంది. కానీ అప్పు తీరి మనం ఇంటికి పోయే నాటికి చెరువులో కొంగ, గుట్టమీద నెమలి ఉండాలి కదా! అనంతపురం వైపు వీరాపురం అనే ఊళ్లో ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను పుట్టింటికి పురుడుకు వచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. వాళ్లేమీ కోటీశ్వరులు కారు, మనలాంటి రైతులే.

మనం పిల్లలకు చాక్లెట్లు, బొమ్మలు పంపుతున్నాం. ఇకపై కథలు కూడా పంపుదాం. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. రియాద్, జెద్దా, దమ్మాంలలో ఉగాది సంబరాలు చేసే తెలుగు సంఘాలు పాటల పోటీతో పాటు పిల్లలకు జంతువుల కథల పోటీ ఒకటి పెట్టాలి. పత్రికలు ఆదివారం పేజీలో ఇలాంటి కథకు చోటివ్వాలి.

అన్నిటికన్నా సులువైనది మన చేతిలోనే ఉంది. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా, బడికి పోయినవా" అయ్యాక మాటలు అయిపోతాయి. అక్కడ ఆగకండి. పొడుగు కొమ్ముల ఓరిక్స్ ఎడారికి ఎలా తిరిగొచ్చిందో చెప్పండి. తర్వాత ఏమైంది నాన్నా అని పిల్లలే అడుగుతారు.