చెవిలో చెప్పిన మాట, పత్రికలో రాసిన మాట

2015 అక్టోబరు 12 ఉదయం ముంబయిలో ఒక పెద్దమనిషి ముఖం మీద, ఆయన ఇంటి దగ్గరే, కొందరు నల్లరంగు పోశారు. పోసినవారు శివసేన కార్యకర్తలు. పాకిస్తాన్ మాజీ విదేశాంగ మంత్రి ఖుర్షీద్ మహమూద్ కసూరీ రాసిన పుస్తకాన్ని ఆ రోజు సాయంత్రం వర్లీలోని నెహ్రూ సెంటర్‌లో ఆవిష్కరించడానికి ఏర్పాట్లు చేయడమే ఆయన చేసిన తప్పు. ఆయన ముఖం కడుక్కోకుండా, ఆ రంగుతోనే వచ్చి కసూరీ పక్కన విలేకరుల ముందు కూర్చున్నారు. సాయంత్రం పోలీసు కాపలా మధ్య పుస్తకావిష్కరణ జరిగింది.

ఆయన పేరు సుధీంద్ర కులకర్ణి. ఆ ఫొటో చూసినవారిలో చాలామందికి ఆయన శాంతి కోసం మాట్లాడే ఒక మేధావిగానే గుర్తుండిపోయారు. అంతకుముందు కథ అంత సూటిగా లేదు. యువకుడిగా ఆయన కమ్యూనిస్టు. తర్వాత భారతీయ జనతా పార్టీలో చేరారు. అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రధానిగా ఉన్న ఆరేళ్లూ ప్రధాని కార్యాలయంలో పనిచేశారు. లాల్ కృష్ణ అద్వానీకి ఆంతరంగికుడు. ఒక కేసులో తిహార్ జైలుకు వెళ్లి, తర్వాత ఆ కేసు నుంచి బయటపడ్డారు. ఏళ్ల తరబడి ఇంగ్లిషు పత్రికల్లో కాలమ్ రాశారు.

ఈ వారం ఆయన గురించి రాయడం పొగడడానికీ కాదు, తప్పుపట్టడానికీ కాదు. అధికారంలో ఉన్నవారి పక్కన నిలబడే మనిషికి తన మనస్సాక్షి ప్రకారం మాట్లాడే చోటు ఎంత ఉంటుంది? ఈ ప్రశ్న ఢిల్లీకి మాత్రమే సంబంధించినది అనుకోవడానికి లేదు. మన సంఘాల పిల్లలు ఈ రోజు పార్టీల సోషల్ మీడియా ఆఫీసుల్లో, సర్వే సంస్థల్లో, ఎమ్మెల్యేల వెంట పనిచేస్తున్నారు. మన పెద్దలకు మంత్రుల దగ్గర నుంచి పిలుపులు వస్తున్నాయి. కాబట్టి ఒక సలహాదారు నడిచిన దారిని జాగ్రత్తగా చూడడం మనకు అవసరం.

కులకర్ణి కర్ణాటకకు చెందినవారు. ఐఐటీ బొంబాయిలో ఇంజినీరింగ్ చదివారు. వామపక్ష రాజకీయాల్లో ఉండి, ముంబయి నుంచి వెలువడిన ‘బ్లిట్జ్’ వారపత్రికలో పనిచేశారు. 1996లో బీజేపీలో చేరారు. మరుసటి ఏడాది, స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా అద్వానీ దేశమంతా తిరిగిన యాత్రలో వెంట ఉన్నారు. 1998లో వాజ్‌పేయి ప్రధాని అయ్యాక ప్రధాని కార్యాలయంలో అడుగుపెట్టి, 2004 వరకు ప్రసంగాలు, ప్రకటనలు, ఆలోచనల పనిలో సాయపడ్డారు.

ఈ పనికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రసంగం ఎవరు రాసినా అది నాయకుడిదే. చప్పట్లు ఆయనకే, నిందా ఆయనకే. సలహాదారు ఏ వాక్యం కలిపించాడో, ఏ వాక్యం కొట్టేయించాడో, దేనికి అడ్డుపడి ఓడిపోయాడో బయటివారికి కనబడదు.

ఆ ఆరేళ్లు క్రైస్తవులకు మరచిపోలేని సంవత్సరాలు. 1998 క్రిస్మస్ రోజుల్లో గుజరాత్‌లోని డాంగ్స్ జిల్లాలో గిరిజనుల ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగాయి. 1999 జనవరి 10న ప్రధాని వాజ్‌పేయి అక్కడికి వెళ్లారు. మందిరాలు కాలిన చోట ఓదార్పు మాట కోసం ఎదురుచూసినవారికి, మతమార్పిడుల మీద జాతీయ స్థాయిలో చర్చ జరగాలన్న ఆయన పిలుపు వినిపించింది. దెబ్బలు తిన్నవారినే సంజాయిషీ అడిగినట్టు ఆ రోజు మనకు అనిపించింది. సరిగ్గా 12 రోజులకు, జనవరి 22 రాత్రి, ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు పసివాళ్లు ఫిలిప్, తిమోతిలను నిద్రపోతున్న జీపులోనే కాల్చి చంపారు. ప్రధాని ఆ హత్యను ఖండించారు. మరుసటి నెలలో అదే ప్రధాని శాంతి కోసం బస్సెక్కి లాహోరు వెళ్లారు.

2002లోనూ అదే రెండు గొంతుల తీరు కనిపించింది. గుజరాత్ అల్లర్ల తర్వాత ఏప్రిల్ 4న అహ్మదాబాద్‌లో వాజ్‌పేయి రాజధర్మం గురించి గుర్తుచేశారు. అదే నెలలో గోవాలో జరిగిన పార్టీ సమావేశంలో ఆయన మాటలు వేరే దారి పట్టాయి. ఈ మాటల్లో ఏదీ కులకర్ణిది అని మేము అనడం లేదు. అలా అనడం అన్యాయం. ఒకే కార్యాలయం నుంచి ఈ రెండు రకాల మాటలూ వచ్చాయి. అందులో పనిచేసిన ప్రతి ఒక్కరూ ఆ రెండింటి మధ్యే రోజూ కూర్చున్నారు అని మాత్రం చెప్పవచ్చు.

‘అలాంటప్పుడు రాజీనామా చేసి బయటికి రావచ్చుగా?’ అని అడగడం తేలిక. లోపల ఉన్నవారి జవాబు ఎప్పుడూ ఒకటే: మేము వెళ్లిపోతే ఆ కుర్చీలో మాకంటే కఠినుడు కూర్చుంటాడు, ఉంటే కనీసం ఒక మాట మెత్తబరచగలం. ఈ జవాబును మనం తేలిగ్గా కొట్టేయలేం. అహాబు రాజు ఇంటిలో గృహనిర్వాహకుడిగా ఉన్న ఓబద్యా కథ మనకు తెలుసు. యెజెబెలు ప్రవక్తలను చంపిస్తున్న రోజుల్లో అతడు ఆ కొలువు విడిచిపెట్టలేదు. నూరుమందిని గుహల్లో యాభైమంది చొప్పున దాచి అన్నపానాలు అందించాడు. అయితే ఏలీయా ఎదురుపడి రాజు దగ్గరకు వెళ్లి చెప్పమన్నప్పుడు అదే ఓబద్యా వణికిపోయాడు. కొలువులో ఉన్నవాడి ధైర్యమూ భయమూ రెండూ ఆ ఒక్క మనిషిలో ఉన్నాయి. లోపల ఉండడం వల్ల ఎవరి ప్రాణం నిలబడింది అని అడిగితే ఓబద్యా దగ్గర జవాబు ఉంది. ‘లోపలే ఉండి మార్చుతాం’ అనే ప్రతివాడి దగ్గరా ఆ జవాబు ఉందా అన్నదే ప్రశ్న.

కులకర్ణి జీవితంలో ఆ ప్రశ్న బహిరంగంగా ఎదురైంది 2005లో. బీజేపీ అధ్యక్షుడిగా అద్వానీ పాకిస్తాన్ వెళ్లారు. జూన్ 4న కరాచీలో మహమ్మద్ అలీ జిన్నా సమాధి దగ్గర సందర్శకుల పుస్తకంలో, 1947 ఆగస్టు 11న జిన్నా చేసిన ప్రసంగాన్ని మెచ్చుకుంటూ రాశారు. ఏ మతంవారైనా రాజ్యం దృష్టిలో సమాన పౌరులే అన్నది ఆ ప్రసంగ సారాంశం. స్వదేశంలో పార్టీ, సంఘ్ పరివార్ మండిపడ్డాయి. ఆ ఏడాది ముగిసేలోగా అద్వానీ అధ్యక్ష పదవి పోయింది. ఈ వ్యవహారంలో అద్వానీ వెనుక నిలిచిన కులకర్ణి కూడా పార్టీ పదవులు వదులుకున్నారు. ఒకప్పుడు అయోధ్య రథం ఎక్కిన నాయకుడు పొరుగుదేశంలో సామరస్యపు మాట రాస్తే సొంత ఇంటిలోనే నిలవలేకపోయాడు. సలహా ఎంత మంచిదైనా, పార్టీని ఏళ్ల తరబడి నడిపించిన కోపాన్ని ఒక్క పేరా చల్లార్చలేదు.

తర్వాతి ఘట్టం ఇంకా చిక్కైనది. 2008 జూలై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వ విశ్వాస పరీక్ష రోజున ముగ్గురు బీజేపీ ఎంపీలు లోక్‌సభలో నోట్ల కట్టలు చూపించి, తమను కొనడానికి ఇచ్చిన డబ్బు ఇదని చెప్పారు. దీని వెనుక ఉన్న రహస్య చిత్రీకరణలో తన పాత్ర ఉందని, అవినీతిని బయటపెట్టడానికే అలా చేశామని కులకర్ణి అన్నారు. 2011 సెప్టెంబరు 27న ఆయనను అరెస్టు చేశారు. దాదాపు 50 రోజులు జైలులో ఉన్నాక బెయిలు వచ్చింది. 2013లో ఢిల్లీ ప్రత్యేక న్యాయస్థానం ఆయనను కేసు నుంచి తప్పించింది. న్యాయస్థానం చెప్పినదానికి మించి మేము చెప్పం. అయితే మన యువకులు గమనించవలసింది ఒకటుంది. మాట సాయం కోసం వెళ్లినవాడు కొన్నాళ్లకు ఎత్తుగడల్లో చేయి కలపవలసి వస్తుంది. ఉద్దేశం మంచిదైనా, ఆ గదిలో ఏం జరిగిందో లోకానికి నిరూపించుకోవడానికి ఏళ్లు పడతాయి.

2009 ఎన్నికల్లో అద్వానీ ప్రచారానికి ఆయన మళ్లీ తోడ్పడ్డారు. ఓడిపోయిన కొద్ది రోజులకే పార్టీ తీరును తప్పుపడుతూ ఒక వారపత్రికలో పెద్ద వ్యాసం రాశారు. ఆగస్టులో, జిన్నా మీద పుస్తకం రాసినందుకు జస్వంత్ సింగ్‌ను పార్టీ బహిష్కరించిన రోజుల్లోనే, కులకర్ణి పార్టీ నుంచి బయటికి వచ్చారు.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానైనా అనాలి. సలహాదారుల నిజాయితీ తరచుగా ఓటమి తర్వాతే అచ్చులోకి వస్తుంది. మన హైదరాబాద్ వాడు సంజయ బారు సంగతీ గుర్తు తెచ్చుకోండి. మన్మోహన్ సింగ్‌కు 2004 నుంచి 2008 వరకు మీడియా సలహాదారుగా ఉన్న ఆయన, లోపల చూసిన సంగతులను ‘ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్’ అనే పుస్తకంగా వెలువరించింది 2014 ఏప్రిల్‌లో, ఓట్ల పండగ నడుమ. ప్రధాని కార్యాలయం దాన్ని కట్టుకథ అంది. కాంగ్రెస్ అయినా, బీజేపీ అయినా, ఆ మాటలు కుర్చీ ఉన్నప్పుడే, చెవిలో కాక బయట, చెప్పి ఉంటే ఏమయ్యేది? బహుశా మర్నాడే కుర్చీ పోయేది. ఆ మాట విలువ కూడా అప్పుడే ఎక్కువ ఉండేది.

అలాగని ఆలస్యంగా పలికిన నిజాన్ని మనం తోసిపుచ్చకూడదు. పార్టీ వదిలాక కులకర్ణి మౌనంగా కూర్చోలేదు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఆదివారం సంచికలో కాలమ్ రాశారు. 2012లో గాంధీజీ రాట్నాన్నీ ఇంటర్నెట్ యుగాన్నీ కలిపి ఆలోచిస్తూ పెద్ద పుస్తకం రాశారు. భారత్, పాకిస్తాన్, చైనా మాట్లాడుకోవాలని పదేపదే వాదించారు. ఆయన అభిప్రాయాల్లో కొన్నింటితో మన పాఠకులు ఏకీభవించకపోవచ్చు. కానీ కాలమ్ కింద పేరు ఉంటుంది. చదివినవాడు ఎదురు ప్రశ్న వేయవచ్చు. ప్రధాని కార్యాలయంలో ఆరేళ్లు పనిచేసినవాడి ముఖం మీద, పదవీ పార్టీ రెండూ లేని రోజున రంగు పడింది. ఆ రోజు ఆయన అన్న మాట పూర్తిగా ఆయనదే. దాని ఖరీదూ ఆయనే చెల్లించారు. ఆ దాడిని అద్వానీ కూడా ఖండించారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఏటా ప్రభుత్వం ఇచ్చే క్రిస్మస్ విందులో మన పెద్దలు ముందు వరుసలో కూర్చుంటారు. ఎన్నికలు రాగానే అభ్యర్థులు మన ఆరాధనలకు వస్తారు, దండలు పడతాయి, ప్రార్థన చేస్తాం. తప్పేమీ లేదు. కానీ సమాధుల స్థలం లేని ఊళ్ల గురించి ఆ రోజు ఎవరు అడిగారు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదాకు దూరమైన దళిత క్రైస్తవుల సంగతి ఎవరు ఎత్తారు? పక్క ఊరిలో మన కంటే బలహీనులైన వేరే మతంవారికి అన్యాయం జరిగితే, నాయకుడి పక్కన ఫొటో దిగిన మనవాడు ఆ మాట చెవిలోనైనా వేశాడా? డాంగ్స్ విషయంలో మనం ఢిల్లీ సలహాదారులను ఏ ప్రశ్న అడుగుతున్నామో, మన దగ్గరవారినీ అదే ప్రశ్న అడగాలి.

రాజకీయ కార్యాలయంలో ఉద్యోగానికి వెళ్లే మన బిడ్డలను ఆపమని మేము అనం. వెళ్లే ముందు సంఘ పెద్దలు వారిని కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగాలని మాత్రం కోరుతున్నాం: ‘బాబూ, ఏ వాక్యం రాయమంటే నువ్వు రాయనంటావు?’ దానికి జవాబు ముందే ఉండాలి. కుర్చీలో కూర్చున్నాక ఆ జవాబు వెదుక్కోవడం చాలా కష్టం. ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినా నీ ఇంటికి బియ్యం మేము పంపిస్తాం అని చెప్పగలిగిన సంఘం వెనుక ఉంటే, ఆ బిడ్డ ఓటమి దాకా ఆగకుండా ఆ రోజే నోరు విప్పగలడు.