మన కారు – మన తంటాలు: హెడ్‌లైటులో నీళ్ళు

క్రిందటి నెల బ్యాటరీ గురించి వ్రాసినది చదివి ఒక సోదరి ఫోను చేశారు. "డాక్టరుగారూ, మా కారు దీపంలో చెమ్మ చేరింది. ఏం చెయ్యమంటారు?" అని. మందు చెప్పేముందు మా జబ్బు ఒప్పుకోవటం న్యాయం. (ఈ కథలో మేము అంటే మేమొక్కరమే. తనకిందులో భాగం లేదని ముందే వ్రాయమని మా ఆవిడ ఆజ్ఞ.)

2023 నవంబరు. మిషిగన్‌లో ఆ నెల సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. జింకలు రోడ్ల మీదికి ఎక్కువగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. మా కారు కుడివైపు హెడ్‌లైటులో అప్పటికి మూడు వారాలుగా చెమ్మ. పొద్దున్నే చూస్తే ఇడ్లీ పాత్ర మూత లోపల పట్టినట్టు బొట్లు. "ఎండొస్తే అదే ఆరుతుందిలే" అనుకున్నాం. రోగి ఎవరైనా ఈ మాటంటే కోప్పడి పంపేవాళ్ళం!

ఒక రాత్రి హాస్పిటలు నుంచి పిలుపొస్తే వెళ్ళి, రెండింటికి తిరిగి వస్తున్నాం. ఊరు దాటాక వీధి దీపాల్లేని రోడ్డు. కుడిపక్కనుంచి జింక వచ్చింది. అది కనబడటం, మేము బ్రేకు తొక్కటం, పక్క అద్దం విరగటం అన్నీ ఒకేసారి అయిపోయాయి. జింక చెట్లలోకి పోయింది. మేము కారు పక్కకి తీసి చాలాసేపు స్టీరింగు పట్టుకుని అల్లాగే కూర్చున్నాం. గంటకి 60 మైళ్ళంటే సెకనుకి 88 అడుగులు. ఈ దేశంలో చిన్న లైటు కాంతి కుడిపక్కకి కాస్త ఎక్కువ దూరం పడేట్టు అమరుస్తారు, రోడ్డంచున ఉన్న మనిషీ జంతువూ కనబడాలని. సరిగ్గా ఆ దీపమే మసకబారిపోయింది. మర్నాడు సాయంత్రం అదే కారులో, అదే దారిన మా ఆవిడ పిల్లలిద్దర్నీ తెలుగు క్లాసుకి తీసుకెళ్ళవలసి ఉంది. వెళ్ళనివ్వలేదు. క్లాసు తప్పినందుకు పిల్లలు సంతోషించారు.

ఆ శనివారం గరాజులో వైద్యం మొదలెట్టాం. బల్బు తీసి, వెనక కన్నంలోంచి మా ఆవిడ హెయిర్ డ్రయ్యరు పెట్టి అరగంట ఆరబెడితే అద్దం నిగనిగలాడింది. మంగళవారం వాన పడింది, బుధవారం మళ్ళీ చెమ్మ. ఈసారి మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి రెండు రోజులు లోపల ఉంచాం. మళ్ళీ అదే వరస. అప్పుడు బుద్ధి వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే సూదితో లాగెయ్యటం పెద్ద పని కాదు, ఎందుకు చేరిందో చూడకపోతే మళ్ళీ చేరుతుందని కాకినాడలో మాకు నూరిపోసిన పాఠమే.

హెడ్‌లైటు సీసాలాగా బిగించేసిన వస్తువు కాదు. దానికి గాలి ఆడటానికి వెనక సన్నటి గొట్టాలో, కన్నాలో ఉంటాయి. దీపం వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. చల్లారితే బయటి గాలి లోపలికి వస్తుంది, దాంతోపాటు కాస్త తేమా వస్తుంది. అంచేత చలి పొద్దున ఒక మూల పల్చగా ఆవిరి పట్టి, దీపం వెలిగించిన కాసేపటికి పోతే కంగారు పడక్కర్లేదు. బొట్లు కారుతున్నా, అడుగున నీళ్ళు నిలిచినా ఎక్కడో దారి ఉన్నట్టే. ఎల్.ఇ.డి. దీపాల అద్దం అంత వేడెక్కదు గనక వాటిలో ఆవిరి కాస్త ఎక్కువసేపే ఉంటుంది.

మా కారులో దారి ఎక్కడంటారా? సెప్టెంబరులో ఆ బల్బు మార్చింది మేమే. వెనకనుండే రబ్బరు మూత మళ్ళీ పెట్టటం మరిచాం. అది గరాజు అలమారలో మేకుల డబ్బా వెనకాల దొరికింది. వాన జల్లంతా రెండు నెలలుగా తలుపు తీసిన ఇంట్లోకి పోయినట్టు పోతోంది.

మీరు చెయ్యదల్చుకుంటే ముందు వారంటీ ఉందేమో చూసుకోండి. ఉంటే చెయ్యి పెట్టకండి. లేకపోతే దీపం చల్లారాక మూత, దాని రబ్బరు చుట్టు, బల్బు కూర్చునే చోటు పరీక్షించండి. హాలొజెన్ బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు, చర్మం మీది జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది. డ్రయ్యరు తక్కువ వేడిలోనే వాడండి. లోపలి మెరుపు పూతని మాత్రం గుడ్డతో తుడవకండి. అది పల్చటి అల్యూమినియం పొర, చెరిగితే ఇక దీపం వెలుగే తగ్గిపోతుంది. సిలికా పొట్లాలు పెడితే లెక్కపెట్టి పెట్టి, దీపం వెలిగించే ముందు లెక్కపెట్టి తియ్యండి. ఆపరేషన్ థియేటరులో దూది లెక్కపెట్టినట్టే. గాలి కన్నాల్లో దుమ్మూ, సాలెగూడూ ఉంటే తియ్యండి. వాటినే కారుతున్న చోటనుకుని జిగురుతో మూసేశారో, చెమ్మ బయటికి పోయే దారి ఉండదు.

అన్నీ బిగించాక గొట్టంతో నెమ్మదిగా నీళ్ళు పోసి, లోపల మొదటి బొట్టు ఎక్కడ పడుతుందో చూడండి. అద్దం అతుకు దగ్గరైతే శుభ్రంగా ఆరబెట్టి సీలెంటు పట్టించవచ్చు. అద్దం పగిలితే మార్చటమే. నీళ్ళు పోవటానికి అడుగున కన్నం పొడవమనే సలహా మాకూ ఒకరిచ్చారు. చలికాలం ఇక్కడి రోడ్లమీది ఉప్పునీళ్ళని పిలిచి పీట వేసినట్టవుతుంది.

మన సంఘంలో 1970లలో వచ్చిన పెద్దాయన ఒకరు మా కథ విని, "మా రోజుల్లో ఈ గొడవే లేదోయ్" అన్నారు. నిజమే. 1940 నుంచి ఈ దేశపు కార్లకి సీల్డ్ బీమ్ దీపాలే, అద్దం, బల్బు, వెనక గిన్నె అన్నీ కలిపి ఒకటే ముక్క. పోతే మొత్తం మార్చటమే. విడిగా బల్బు మార్చుకునే దీపాలకి 1983లో అనుమతి వచ్చింది, 1984 మోడలు లింకన్ మార్క్ సెవెన్‌తో మొదలు.

మూత పెట్టాక మా దీపంలో మళ్ళీ చెమ్మ లేదు. పక్క అద్దానికి మాత్రం డబ్బు పోసి కొత్తది వేయించాం. ఇక అద్దం బయటివైపు పసుపెక్కటం గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. అది వేరే జబ్బు, ఎండ వల్ల వచ్చేది. వచ్చే నెల చూద్దాం.