వినకపోవడమా, నిలవకపోవడమా?

"మౌల్వీ సాబ్, ఆయనకు నేనంటే లెక్కే లేదు. చెప్పినదేదీ చెవికెక్కదు" అని ఒక సోదరి మాతో మొరపెట్టుకున్నారు. "విన్నాను. వీధి మలుపు తిరిగేసరికి మరచిపోయాను" అన్నారు భర్త, తలవంచుకుని. మేము ఆయన్నే మందలించాము. అది మా తొందరపాటు. తర్వాత మానసిక వైద్యులు పరీక్షించి, అది ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు.

ఇది బాల్యంలోనే మొదలై, ఎందరిలోనో పెద్దయ్యాక కూడా కొనసాగే స్థితి. దృష్టి కుదురుగా నిలవదు, విన్నది మనసులో ఆగదు, ఎదుటివారి మాట పూర్తికాకముందే నోరు అడ్డుపడుతుంది. భార్య దాన్ని అలక్ష్యమని తలచి పదేపదే గుర్తుచేస్తుంది. భర్త దాన్ని గద్దింపని తలచి మౌనం వహిస్తాడు. క్రమంగా ఆమె తల్లిగా, అతడు బిడ్డగా మారిపోతారు.

సోదరీమణులారా! వంటింటి నుంచి కేకవేసి చెప్పకండి. ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒకే విషయం చెప్పండి. సోదరులారా! విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, అక్కడే రాసుకోండి. మందులున్నాయి, శిక్షణ ఉంది. వైద్యుణ్ణి సంప్రదించడంలో నామోషీ లేదు. అయితే స్థితికి ఒక పేరు దొరికినంత మాత్రాన బాధ్యత తొలగిపోదు.

దివ్యఖుర్ఆన్ (30:21) దాంపత్యంలో ప్రేమతోపాటు కారుణ్యాన్నీ పేర్కొన్నది. మరపును ద్వేషంగా లెక్కించకపోవడం ఆ కారుణ్యంలో భాగమే.