పాత లారీకి ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలింది?
ఇంజన్ శబ్దం విని బేరం కుదుర్చుకుంటే నష్టమే.. ఆర్‌సీలోని తేదీలు, బరువే అసలు కొలమానం

చీమకుర్తి: గ్రానైట్ క్వారీల ప్రాంతంలో స్టీరింగ్ పట్టిన ప్రతి డ్రైవరుకూ సొంత బండికి యజమాని కావాలన్న కోరిక ఉండటం సహజం. కొత్త ట్రాలీ లారీ ధర సామాన్యుడికి అందేది కాదు. అందుకే వారి చూపు పాత బండ్లపై పడుతుంది. ఇంట్లోని బంగారం కుదువ పెట్టి, ఉన్న అర ఎకరం తెగనమ్మి, మిగిలిన సొమ్ముకు ఫైనాన్స్ కంపెనీని ఆశ్రయించి బండి ఇంటికి తెచ్చుకునేవారే ఎక్కువ. ఇంత పణంగా పెట్టి చేసే కొనుగోలులో బేరమంతా ఇంజన్ శబ్దం, క్యాబిన్ రంగు, టైర్ల అరుగుదల చుట్టూనే తిరుగుతోంది. ఆ బండి చట్ట ప్రకారం ఇంకా ఎన్నేళ్లు, ఎంత బరువుతో, ఏ రాష్ట్రాల్లో తిరగగలదన్న లెక్క మాత్రం వెనుకబడుతోంది. ఇంజన్‌లో లోపం ఉంటే షెడ్డులో బాగుచేయించుకోవచ్చు. తీరిపోయిన గడువును బాగుచేసే మెకానిక్ ఎక్కడా ఉండడు.

రాయి బరువుతోనే ఎంపిక ఆరంభం

నల్లని రాతిలో బంగారు చుక్కలతో మెరిసే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఉంది. ఇక్కడి దిమ్మెలు కృష్ణపట్నం, చెన్నై రేవులకు రోడ్డు మార్గాన తరలుతాయి. ఈ రాయి ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మె బరువు దాదాపు 17 టన్నులు. అలాంటివి రెండు ఎక్కిస్తే 34 టన్నులు. ఖాళీ ట్రాలీ లారీ బరువు 14 టన్నులు అనుకుంటే మొత్తం 48 టన్నులకు చేరుతుంది. అంటే 49 టన్నుల అనుమతి ఉన్న బండికి రెండు దిమ్మెలు సరిపోతాయి. 40 టన్నుల బండి చవకగా వచ్చిందని కొన్నవాడు ఒక దిమ్మెతో కిరాయి గిట్టక, రెండో దిమ్మెకు చట్టం ఒప్పక నలిగిపోవలసిందే.

చాలా బండ్ల పేరులోనే ఈ లెక్క దాగి ఉంటుంది. 2518 అంటే 25 టన్నుల స్థూల బరువు, 180 అశ్వశక్తి అని అర్థం. 4923 అంటే 49 టన్నులు, 230 అశ్వశక్తి. ఒంగోలు నుంచి నెల్లూరు మీదుగా చెన్నై వరకు జాతీయ రహదారి చదునుగానే సాగుతుంది కనుక టన్నుకు నాలుగున్నర అశ్వశక్తి ఉన్న బండితోనూ నెట్టుకురావచ్చు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కవలసిన బండికి ఆ శక్తి చాలదు. గేరు మారిన ప్రతిసారీ డీజిలు, క్లచ్ రెండూ కరిగిపోతాయి. ఏ దారిలో తిప్పాలో ముందుగా తేల్చుకున్నాకే ఏ బండి కొనాలో నిర్ణయించుకోవడం మేలు.

2018 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, పది టైర్ల లారీకి 25 నుంచి 28.5 టన్నులకు, ట్రాలీ లారీలకు గరిష్ఠంగా 49 నుంచి 55 టన్నులకు స్థూల బరువు పెరిగింది. పాత బండి అమ్మే మధ్యవర్తులు ఈ కొత్త అంకెలనే చెబుతుంటారు. అయితే తనిఖీలో చెల్లేది ఆ బండి ఆర్‌సీలో నమోదైన బరువు మాత్రమే. 49 టన్నులని రాసి ఉన్న బండిపై 54 టన్నులతో పట్టుబడితే, 2019 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం రూ.20 వేలు, అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున మరో రూ.10 వేలు చెల్లించాలి. పైగా అదనపు సరకును దించే వరకు బండి కదలదు. ఒక్క జరిమానాతో పలు ట్రిప్పుల మిగులు తుడిచిపెట్టుకుపోతుంది.

పర్మిట్ గడువే పెట్టుబడికి గడువు

కృష్ణపట్నం రేవు రాష్ట్రంలోనే ఉంది. చెన్నైకి వెళ్లాలంటే మాత్రం నేషనల్ పర్మిట్ ఉండాలి. దీనికి ఏటా రూ.16,500 రుసుము చెల్లించాలి. రెండు ఇరుసుల బండికి 12 ఏళ్లు, అంతకు మించి ఇరుసులున్న బండికి 15 ఏళ్లు నిండితే ఈ పర్మిట్ చెల్లదు. ఇంజన్ ఎంత గట్టిగా ఉన్నా ఆ తేదీ తరువాత పొరుగు రాష్ట్రం గడప దాటే వీలుండదు.

ఈ ఒక్క నిబంధనతో ధరల లెక్క తలకిందులవుతుంది. ఉదాహరణకు 2013 మోడల్ బహుళ ఇరుసుల బండి రూ.9 లక్షలకు, అదే తరగతి 2017 మోడల్ బండి రూ.15 లక్షలకు బేరానికి వచ్చాయనుకుందాం. 2026లో కొనేవాడికి మొదటి బండితో నేషనల్ పర్మిట్‌పై మిగిలేది రెండేళ్లు. రెండో బండితో ఆరేళ్లు. ఏడాదికి లెక్కిస్తే మొదటిదానికి రూ.4.50 లక్షలు, రెండోదానికి రూ.2.50 లక్షలు పడుతుంది. చివర్లో అమ్మితే వచ్చే సొమ్ము తీసివేసినా ఈ తేడా పూర్తిగా పూడదు. అన్నిటికంటే ప్రమాదకరం కిస్తీల వ్యవహారం. మొదటి బండిని మూడేళ్ల అప్పుపై తీసుకుంటే పర్మిట్ పోయిన తరువాత కూడా ఏడాదిపాటు వాయిదాలు కట్టాలి. రాబడి సగానికి తగ్గినా వాయిదా తగ్గదు. చాలా బండ్లు ఫైనాన్స్ యార్డులకు చేరడానికి ఇలాంటి లెక్కతప్పులే దారి తీస్తాయి.

ఫిట్‌నెస్ భారం దీనికి తోడవుతుంది. 8 ఏళ్లలోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం రూ.12,500కు పెంచింది. 2025 నవంబరులో మరోసారి సవరించి, 10 ఏళ్లు దాటిన వాహనాల నుంచే పెంపు శ్రేణులను మొదలుపెట్టింది. 20 ఏళ్లు మించిన భారీ వాహనాలకు రూ.25 వేలుగా నిర్ణయించింది. కొనబోయే బండి ఏ శ్రేణిలోకి వస్తుందో, రానున్న మూడేళ్లలో ఏ శ్రేణిలోకి మారుతుందో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఆటోమేటెడ్ కేంద్రాల్లో బ్రేకులు, పొగ, దీపాలను యంత్రాలే కొలుస్తాయి. మాటసాయంతో గట్టెక్కే రోజులు పోతున్నాయని గుర్తించడం అవసరం.

కొనుగోలుదారుకు కలిసివచ్చే అంశం కూడా ఒకటుంది. సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా దిగిరావాలి. అంతకుముందు నాటి ధరలనే పట్టుకుని కూర్చునే అమ్మకందారుతో బేరమాడేందుకు ఇది బలమైన వాదన.

బీఎస్ అంకె వెనుక చిక్కులు

పాత డీజిల్ లారీల్లో ఇప్పుడు మూడు తరాలు కనిపిస్తాయి. 2017 ఏప్రిల్‌కు ముందున్న బీఎస్-3 బండ్లలో చాలావాటికి యాంత్రిక పంపు ఉంటుంది. చిన్న ఊళ్లో మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. కానీ వీటికి వయసు మీద పడింది. 2017 నుంచి 2020 మార్చి వరకు వచ్చిన బీఎస్-4 బండ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగింది. వీటిలో కొన్నింటికి యూరియా ద్రావణం పోయాలి. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 బండ్లలో పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు కూడా చేరింది. యూరియా ఖర్చు తప్పించుకునేందుకు సెన్సర్లను మోసగించే పరికరాలు బిగించిన బండ్లు సంతలో లేకపోలేదు. అటువంటిదాన్ని కొంటే తిరిగి అసలు స్థితికి తేవడానికి అయ్యే ఖర్చంతా కొన్నవాడిపైనే పడుతుంది. కంపెనీ సర్వీసు కేంద్రంలో కంప్యూటర్ తనిఖీ చేయించి లోపాల జాబితా తీసుకున్నాకే ధర మాట్లాడాలి.

ఇతర రాష్ట్రాల రిజిస్ట్రేషన్‌తో వచ్చే బండ్ల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. తుక్కు కింద అమ్మిన 150కి పైగా బీఎస్-3 లారీలను నకిలీ పత్రాలతో బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్ట్రేషన్ చేయించారన్న అభియోగంపై అనంతపురం జిల్లా తాడిపత్రిలో 2020లో కేసులు నమోదైన సంగతి తెలిసిందే. ఇలాంటి బండి చేతులు మారి కొన్న అమాయకుడికీ స్వాధీనం ముప్పు తప్పదు. ఆర్‌సీలోని తయారీ నెలను, మొదటి రిజిస్ట్రేషన్ తేదీని పక్కపక్కన పెట్టి చూడటం సులువైన పరీక్ష. తయారీకీ రిజిస్ట్రేషన్‌కూ నడుమ ఏడాది, ఏడాదిన్నర ఎడం ఉంటే కారణం తేలే వరకు అడ్వాన్సు ఇవ్వరాదు.

ఇంజన్ కంటే ముందు ఛాసిస్

కాగితాలు సరిపోయాకే కప్పు కిందకు దూరాలి. బరువు లాగే బండికి వెన్నెముక ఛాసిస్. రాతి దిమ్మె క్రేన్ నుంచి ఒక్కసారిగా దిగినప్పుడు పడే దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. కమాను కట్టలు బిగించిన చోట, అడ్డ పట్టీల రివిట్ల వద్ద సన్నని పగుళ్లు, వెల్డింగ్ అతుకులు, కొత్తగా పూసిన రంగు ఉన్నాయేమో టార్చి వెలుగులో చూడాలి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట గీకిన గుర్తులుంటే అక్కడితోనే బేరం ముగించాలి.

ఇంజన్‌ను ఉదయాన్నే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ లోపాలను దాచిపెడుతుంది. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నుతోందంటే రింగులు, లైనర్లు అరిగినట్లే. నీలిపొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీరు లోపలికి చేరుతోందేమోనని అనుమానించాలి. నల్లపొగ గాలి, డీజిల్ పాళ్లు తప్పాయనడానికి సూచన. ఖాళీ బండిని మైదానంలో రెండు చుట్లు తిప్పితే ఏమీ తెలియదు. లోడుతో ఒక ఎత్తు ఎక్కిస్తేనే క్లచ్ జారుడు, గేరు దూకడం, డిఫరెన్షియల్ మోత బయటపడతాయి.

ట్రాలీ విషయంలో చాలామంది పొరపడుతుంటారు. లాగే బండికి, ట్రాలీకి ఆర్‌సీలు వేర్వేరు. రెండింటికీ ఫిట్‌నెస్, పన్ను, బీమా సరిచూడాలి. ట్రాలీ కింది కింగ్ పిన్ అరిగితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఫిఫ్త్ వీల్‌లో కుదుపు వస్తుంది. రెండు సైజుల కింగ్ పిన్లు వాడుకలో ఉన్నందున, విడివిడిగా కొనేవారు ముందే సరిపోల్చుకోవాలి. 34 టన్నుల రాయి వెనుక ఉన్నప్పుడు ఆ అతుకులో లోపం డ్రైవరు ప్రాణంతోపాటు దారినపోయేవారి ప్రాణాలకూ ముప్పే.

పేరు మారేదాకా బేరం ముగియదు

సొమ్ము చెల్లించి తాళాలు తీసుకోవడంతో పని పూర్తయిందని భావించేవారు ఎక్కువ. 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు, అప్పు తీరినట్లు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే 35వ ఫారం, బయటి రాష్ట్రం బండికైతే 28వ ఫారంపై నిరభ్యంతర పత్రం ఉండాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బీమాను పేరు మార్చుకునేందుకు 14 రోజులే గడువు. పేరు మారకుండా ప్రమాదం జరిగితే రికార్డుల్లో ఉన్న యజమానే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. అందువల్ల అమ్మినవారికీ నిర్లక్ష్యం తగదు. వేలంలో తీసుకునే బండ్లను ఉన్న స్థితిలోనే అప్పగిస్తారు. పాత పన్ను, చలానాల బకాయిలు ఎవరు కట్టాలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్, బీమా గడువులు, చలానాలు పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరుతో చూసుకునే వీలుంది. మధ్యవర్తి చేతిలో ఉండే సమాచారంలో అధిక భాగం అక్కడ లభిస్తుంది. అది ఆంగ్లంలో ఉండటంతో చదువు తక్కువైన డ్రైవర్లు మధ్యవర్తి మాటనే నమ్ముకుంటున్నారు. లారీ యజమానుల సంఘాలు తమ కార్యాలయాల్లో ఒక గంట కేటాయించి, కొనబోయేవారికి ఈ వివరాలు చదివి వినిపించే ఏర్పాటు చేస్తే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి.

బండి చూడటానికి వెళ్లేముందు ఒక కాగితంపై నాలుగు అంకెలు రాసుకోవాలి. ఆర్‌సీలోని స్థూల బరువు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, నేషనల్ పర్మిట్ ముగిసే సంవత్సరం, చివరి కిస్తీ నెల. చివరి కిస్తీ కంటే పర్మిట్ ముందే ముగిసేట్లయితే, ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా నడిచినా ఆ బండిని వదిలేయడమే శ్రేయస్కరం. అర ఎకరం పొలం అమ్మితే తిరిగి కొనడం కష్టం. లారీ ఇంకొకటి దొరుకుతుంది.