ఇనుప అతుకునకును పరీక్ష కావలెను

కుండ కొనబోయిన ఇల్లాలు దానిని వ్రేలితో తట్టి చూచును. ఖంగున మ్రోగినచో పుచ్చుకొనును, బొంగురుగా పలికినచో క్రింద పెట్టును. మన మార్కాపురపు పలకకును ఇదే పరీక్ష. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. కాని ట్రాక్టరు ట్రాలీకి వేయించిన వెల్డింగు అతుకు తట్టినను చెప్పదు, చూచినను చెప్పదు. పైన నున్నగా నుండి లోపల బోలుగా నుండవచ్చును. ఇట్టి వస్తువు విషయమున మనము ఇప్పటివఱకు కేవలము నమ్మకము మీదనే నడచుచున్నాము. ఆ నమ్మకమునకు ఒక ఆధారము కావలెనని ఈ నెల సభ్యులకు మనవి చేయదలచినాము.

మాకీ సంగతి పుస్తకములు చదివి తోచినది కాదు. నిరుటి ఖరీఫు ఆరంభమున గిద్దలూరు ప్రాంతమందలి యొక గ్రామమునకు కంది విత్తనపు సంచులతో పోవుచుంటిమి. సంచులు అద్దె ట్రాలీలో నుండెను. ఆ సంచుల మీదనే నలుగురు ఆడకూలీలును కూర్చుండిరి. ట్రాలీలో మనుష్యులను ఎక్కించుట తప్పు. ఆ తప్పులో మాకును భాగము కలదు. దైవవశమున వారు వాగునకు ఈవలనే దిగి, చెట్టు నీడన నీరు త్రాగుచుండిరి. ట్రాక్టరు వాగు దాటి ఆవలి గట్టెక్కుచుండగా ట్రాలీ హుక్కు విఱిగి, ట్రాలీ వెనుకకు జారి, ప్రక్కకు తిరిగి వాగులో బోర్లపడెను. పోయినవి విత్తనములే.

తరువాత మేమా విఱిగిన చోటు పరికించితిమి. అతుకు మందములో మూడవ వంతు మాత్రము తెల్లగా మెఱయుచుండెను. తక్కిన రెండు వంతులు తుప్పుపట్టి నల్లబడియుండెను. అనగా అది ఆనాడు విఱిగినది కాదు. ఎన్నడో విఱిగి, మిగిలిన మూడవ వంతుతో మనుష్యులను లాగుచు వచ్చినది. దానిని వేసిన వెల్డరు మోసగాడు కాడు. చాల యేండ్లుగా ఆ పనిలో నున్నవాడు. అడుగగా “అయ్యా, పైకి బాగుగనే యుండెను గదా” అనెను. ఆయన మాట నిజము. పైకి బాగుగనే యుండెను. చిక్కంతయు అందులోనే యున్నది.

ఇట్టి చిక్కును విత్తనము విషయమున మనము ముందే ఎదుర్కొంటిమి. గింజను చేత పట్టి చూచి అది మొలచునో లేదో చెప్పగలవారెవ్వరు? నున్నని గింజ మొలవక పోవచ్చును. అందుచేతనే 1966లో విత్తనముల చట్టము వచ్చినది. ధ్రువీకరింపబడిన విత్తనపు సంచికి నీలి చీటి, మూల విత్తనపు సంచికి తెల్ల చీటి కట్టుదురు. ఆ చీటి వెనుక పొలము చూచిన అధికారియు, గింజలు మొలిపించి లెక్కించిన పరీక్షాశాలయు నున్నవి. ఆ చీటికి గడువు కూడ నున్నది. పరీక్షించిన నాటినుండి తొమ్మిది నెలలు. మొదట మనలో పలువురు “మా తాతలు చీటి చూచి విత్తిరా?” అని నవ్విరి. నేడు చీటి లేని సంచిని చూచి సందేహించుచున్నారు. ఇనుప అతుకు విషయమునను ఇదే మార్గమని మా అభిప్రాయము.

వెల్డింగు అనగా జిగురు పెట్టి అంటించుట కాదు. విద్యుత్తు మంటలో రెండు ఇనుముల అంచులును, రాడ్డు కొనయు కలిసి కఱగి, ఒకే మడుగై గడ్డకట్టవలెను. అంచులు కఱగక రాడ్డు మాత్రము కఱగి పైన పేరుకొన్నచో అది అతుకు కాదు, పూత. తుప్పును రంగును గీకక వేసినచో లోపల గాలిబుడగలు నిలుచును. రాడ్డు మీది పూత కఱగి చిట్టెమై పైకి తేలును. దానిని సుత్తితో కొట్టి తీసివేయక మఱల పైన వేసినచో చిట్టెము లోపలనే చిక్కుకొనును. తేమ పట్టిన రాడ్డు వాడినచో హైడ్రోజను వాయువు ఇనుములో దూరి, మందమైన గట్టి ఉక్కునందు అతుకు చల్లారిన కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మఱునాటికి, పగులు తెచ్చును. సాయంకాలము చూచి డబ్బిచ్చి తెచ్చుకొన్నది తెల్లవాఱునప్పటికి పగిలియుండవచ్చును. వానకాలమున కట్ట విప్పిన రాడ్లు షాపు అరుగు మీద పడియుండుట మనము చూడనిదా?

కావున మంచి సేద్యమునకు విత్తనము, సేద్యగాడు, పద్ధతి మూడును కావలసినట్లే మంచి అతుకునకు రాడ్డు, చేయి, పద్ధతి మూడును కావలెను. మన దేశమున ఈ మూడింటికిని ప్రమాణములు ఏర్పడి చాలకాలమైనది. రాడ్డునకు ఐ.ఎస్. 814, మెత్తని ఉక్కు కట్టడములలో వెల్డింగు పద్ధతికి ఐ.ఎస్. 816, వెల్డరు చేతిపని పరీక్షకు ఐ.ఎస్. 7310 అను ప్రమాణములు కలవు. ప్రపంచమున పలు దేశములవారు వెల్డరు పరీక్షకు ఐ.ఎస్.ఓ. 9606 అనుదానిని, వెల్డింగు పని చేయు కంపెనీ యొక్క నాణ్యతకు ఐ.ఎస్.ఓ. 3834 అనుదానిని పాటించుచున్నారు. కంపెనీకి వేఱు, వెల్డరునకు వేఱు అను సంగతిని సభ్యులు గుర్తుంచుకొనవలెను. గోడకు పెద్ద సర్టిఫికెట్టు వ్రేలాడదీసిన కంపెనీలో మన ట్రాలీని అతికినవాడు పరీక్ష నెగ్గనివాడు కావచ్చును. కంపెనీ కాగితమునే చూచి తృప్తి పడరాదు.

వెల్డరు పరీక్ష పెద్ద చదువుల పరీక్ష యని భయపడనక్కఱలేదు. పరీక్షకుని యెదుట వెల్డరు రెండు ఇనుప పలకలను చెప్పిన రీతిని అతుకవలెను. దానిని చల్లార్చి, అడ్డముగా పట్టీలు కోసి, యంత్రమున గుఱ్ఱపు లాడమువలె వంచుదురు. పని మంచిదైనచో ఇనుము వంగును గాని అతుకు నోరు తెఱవదు. మూడు మిల్లీమీటర్లకు మించిన పగులు తెఱచుకొన్నచో తప్పినట్లే. ఇక్కడ పరీక్ష ఇచ్చునది చేయి. చేవ్రాలు చేయనేరనివాడును పని వచ్చినచో నెగ్గవచ్చును. మఱియు ఈ సర్టిఫికెట్టు సర్వాధికారపత్రము కాదు. పలుచని పలకపై నెగ్గినవాడు మందపు పలకపై నెగ్గినట్లు కాదు; బల్లమీద పెట్టి వేసినవాడు తలపైకి చేయెత్తి వేయగలడని కాదు. ఐ.ఎస్.ఓ. 9606 ప్రకారము వెల్డరు ఆ పనిలోనే యున్నాడని ఆఱు నెలలకొకమారు సాక్ష్యము వ్రాయింపవలెను. పని మానిన చేయి మొద్దుబాఱునని పెద్దలు చెప్పుటయు ఇదియే.

“ఇదంతయు పెద్ద పెద్ద కర్మాగారములకు గాని మన హుక్కులకు, కొక్కెములకు నేల?” అని కొందఱనుదురు. వారికొక సంగతి చెప్పవలసియున్నది. 1980 మార్చి 27వ తేదీన ఉత్తర సముద్రమున అలెగ్జాండర్ కీలాండ్ అను నార్వే దేశపు నీటిమీది వసతి కట్టడము తలక్రిందులై, అందున్న 212 మందిలో 123 మంది మరణించిరి. అంత పెద్ద ఉక్కు కట్టడము ఎందువలన కూలినదని విచారింపగా, నీటిలోని శబ్దమును వినెడు ఒక చిన్న పరికరమును నిలుపుటకై కొమ్మకు వేసిన ఆఱు మిల్లీమీటర్ల అతుకులో పగులు పుట్టి, అలల తాకిడికి పెరిగి, కొమ్మనే తెంపెనని తేలినది. ఆ పగులు లోపల రంగు జాడ కనబడినది. అనగా కట్టునాడే పగిలియుండగా పైన రంగు వేసిరి. అది బరువు మోయు అతుకు కూడ కాదు. చిన్న అతుకే గదాయని ఎవరును దానిని లెక్కచేయలేదు. మా ట్రాలీ హుక్కు కథయు పరిమాణమున చిన్నదే గాని జాతి యొక్కటే.

ఇనుమును ఒకమారు అమర్చి మఱచిపోయినచో ఏమగునో చూచుటకు సముద్రములు దాటి పోనక్కఱలేదు. నల్లమలలో పుట్టి, మన కంభము చెఱువును నింపి, తూర్పునకు పోవు గుండ్లకమ్మ మీద మల్లవరము కడ నున్న ప్రాజెక్టులో 2022లో ఒక గేటును, 2023 డిసెంబరులో మఱియొక గేటును కొట్టుకొనిపోయినవి. నిలువయున్న నీరు సముద్రము పాలైనది. తుప్పును గూర్చి, మరామతు లోపమును గూర్చి అప్పుడు అందఱును మాటాడిరి. నీరు పోయిన పిమ్మట మాటాడుటకంటె, ఇనుము నిలిచియున్నప్పుడే పరీక్షించుట మేలు.

మన ప్రాంతమున కాలువ నీరు అందని చేలకు బోరే దిక్కు. బోరునకు ఇనుప కేసింగు దింపునప్పుడు పైపు మీద పైపు పెట్టి అతుకుదురు. అందులో ఒక్క అతుకు విచ్చినను మన్ను జాఱి మోటారు చిక్కుకొనును. అప్పు చేసి వందల అడుగులు త్రవ్వించిన బోరు ఒక జానెడు అతుకు వలన మూతపడుట ఎంత కష్టము! మోటారును పైకి లాగు స్టాండు అతుకు విఱిగినచో క్రింద నున్నవాని ప్రాణమునకే ముప్పు.

దీనికి రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది, సర్టిఫికెట్టులు డబ్బునకు దొరకునని. నిజమే, దొంగ చీటి విత్తనమునకును కట్టుచున్నారు. అందుచేత మనము చీటిని మానితిమా? చీటిని పరీక్షించుట నేర్చుకొంటిమి. రెండవది, పల్లె వెల్డరు బీదవాడు, పరీక్ష పేర వాని పొట్ట కొట్టుదుమని. ఈ రెండవ మాట మాకు మనసున నాటినది. పరీక్షింపబడినవారి కడకే పొండని ఊరక శాసించినచో పని పట్టణమునకు పోవును, మన ఊరి చేయి ఎండిపోవును. బాయిలరు అతికెడు వెల్డరునకు నిబంధనల ప్రకారము పరీక్ష తప్పనిసరి. ఆ ఖర్చు కంపెనీ భరించును. పల్లె వెల్డరు వెనుక ఏ కంపెనీయు లేదు. వాని వెనుక సహకార సంఘము నిలువవలెను.

కావున మేము ప్రతిపాదించునవి ఇవి. ఒకటి, అన్ని అతుకులకును పరీక్ష అడుగవద్దు. గేటులు, కంచెలు, పందిళ్లు ఇప్పటివలెనే సాగనిండు. ట్రాలీ హుక్కు, డ్రాబారు, ఇరుసు బిగింపు, బోరు కేసింగు, మోటారు లాగు స్టాండు, నీళ్ల ట్యాంకు స్టాండు, ఈ ప్రాణాంతకమైన అతుకులకు మాత్రము పరీక్ష నెగ్గిన చేతినే కోరవలెను. రెండు, ప్రతి సంఘమును తన పరిధిలోని ఇద్దఱు ముగ్గురు వెల్డర్లను ఎంచి, పరీక్ష రుసుమును, ప్రయాణపు ఖర్చును, పోయిన దినముల కూలిని సంఘనిధి నుండి ఇయ్యవలెను. తిరుచిరాపల్లిలో 1975లో నెలకొల్పబడిన వెల్డింగు పరిశోధన సంస్థ శిక్షణయు పరీక్షయు రెండును నడపుచున్నది. పెద్ద నగరములలో ఇతర పరీక్షా సంస్థలును కలవు. ఐ.టి.ఐ.లో ఒక సంవత్సరపు వెల్డరు శిక్షణ ముగించిన మన యువకులకు ఇది తరువాతి మెట్టు. మూడు, నెగ్గినవారి పేరు, ఏ పనికి నెగ్గిరి, గడువు ఎన్నడు అనునవి సంఘ కార్యాలయపు గోడమీద వ్రాయవలెను. నాలుగు, అట్టి వెల్డరు తాను వేసిన అతుకు ప్రక్కన తన గుర్తును ఇనుముపై గుద్దవలెను. ఐదు, ట్రాలీ కొనుటకు సంఘము అప్పిచ్చునప్పుడు, అతికిన వెల్డరు సర్టిఫికెట్టు నకలును, ఐ.ఎస్.ఐ. ముద్ర గల రాడ్డు వాడినట్లు వ్రాతయు కంపెనీ నుండి అడిగి తీసికొనవలెను.

సభ్యులు చేయదగినదియు కొంత కలదు. వెల్డరు తుప్పు గీకుచుండగా “ఆలస్యమగుచున్నది, కానిండు” అని తొందర పెట్టవద్దు. రాడ్డుల ధర కడ బేరమాడవద్దు. నీళ్ల ట్యాంకు అతుకు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు ఒకప్రక్క సున్నము పూసి ఆరనిచ్చి, రెండవప్రక్క కిరసనాయిలు గాని డీజిలు గాని పూయుడు. కారు చోట సున్నము మీద మరక తేలును. అయితే ఇది కారుటను మాత్రమే చూపును, బలమును చూపదు. మఱియు వెల్డరు కన్నులకు అద్దము, గాలియాడు చోటు ఉండునట్లు చూడుడు. వెల్డింగు పొగ మనుష్యులకు క్యాన్సరు తెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ణయించినది. మన ప్రాణమును వాని చేతిలో పెట్టు మనము వాని ప్రాణమును గూర్చియు ఆలోచింపవలెను గదా.

వాగు గట్టున ఆనాడు చెట్టు నీడ లేకపోయినచో నలుగురు తల్లులు ఇంటికి చేరకపోవుదురు. చెట్టు నీడ మీద ఆధారపడి సేద్యము సాగింపరాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, మొదటి సంవత్సరమున ఒక్క వెల్డరునైనను పరీక్షకు పంపునట్లు తీర్మానింపుడని రైతు సోదరులకు మా మనవి.