సూది వచ్చింది, నింద పోలేదు

ఈమధ్య మద్దూరులో ఒక గర్భిణి ఇంటికి వెళ్లాను. పాతికేళ్ల మనిషి, ఎనిమిదో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. పట్నంలోని ఒక ఆసుపత్రిలో ఆ మాట వరండాలో నలుగురి ముందూ చెప్పారట. ఆ రోజు నుంచీ ఆమె కంచం, గ్లాసు వేరయ్యాయి. పుట్టబోయే బిడ్డకు చనుపాలు కూడా ఇవ్వొద్దంటోంది అత్త. "ఎక్కడ తగిలించుకున్నదో" అన్న మాట రోజూ వింటోంది. భర్తకు పరీక్ష చేయించారా అని అడిగాను. ఎవరూ పలకలేదు.

కలిసి తింటే, తాకితే ఈ జబ్బు రాదు. రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పుట్టుకలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించదు. చివరికి కాలేయం గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ వస్తుంది. ఈమెకూ పుట్టుకతోనే వచ్చి ఉండవచ్చు. మరి నింద ఎవరి మీద?

1997 కల్లా అన్ని దేశాలూ ఈ టీకా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే చెప్పింది. దిగుమతి టీకా కొనే శక్తి పేదలకు లేదు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇక్కడే టీకా తయారుచేసి ధర దించింది. ఆ సంస్థకు పెట్టింది ఆయన తల్లి పేరే. అయినా ప్రభుత్వ కార్యక్రమంలో 2002లో కొన్ని జిల్లాల్లో మొదలై, దేశమంతటికీ చేరేసరికి 2011 వచ్చింది. ఆ ఆలస్యంలో పుట్టిన ఆడపిల్లలే ఇవాళ తల్లులవుతున్నారు.

2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా, తల్లికి జబ్బు ఉంటే దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ సూది పడాలి. టీకా పడిన బిడ్డకు తల్లి పాలు నిస్సంకోచంగా పట్టవచ్చు. అర్ధరాత్రి కాన్పయినా, ఆదివారమైనా, పండుగైనా ఆ గడువు మారదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టం. పరీక్ష ఫలితం ఆమెకు మాత్రమే, చాటుగా చెప్పాలి. జబ్బు ఉందని కాన్పు చేయకుండా తిప్పి పంపకూడదు. భర్తకూ, మిగతా పిల్లలకూ పరీక్ష చేయాలి. మీ ఊళ్లో ఈ నెల పుట్టిన ప్రతి బిడ్డ కార్డూ తీసి చూడండి. మొదటి టీకా ఏ రోజు, ఏ వేళకు పడిందో అడగండి.

మద్దూరు చెల్లెలికి వచ్చే నెల కాన్పు. నేను వెంట వెళ్తున్నాను. ఆమె కంచం తిరిగి అందరి కంచాల్లో కలిసేదాకా మన పని పూర్తికాదు.