పేరు వెనుకనున్న పెద్దలు

ఆదిభట్ల పాఠశాలలో చదువు బాలుడు తన చిరునామా వ్రాయునపుడు ఊరు, మండలము ముగించి రంగారెడ్డి జిల్లా యని చేర్చును. 1978లో హైదరాబాదు జిల్లానుండి వేరుపడిన యీ జిల్లా ఎవరి పేరు ధరించినదో చెప్పగల విద్యార్థు లెందరు? పరీక్షలకై ముఖ్యమంత్రుల పట్టికను కంఠస్థము చేయుదురు, సంవత్సరములు తప్పవు. ఆ సంవత్సరములలో వారేమి చేసిరో పట్టికలో నుండదు.

కొండా వెంకట రంగారెడ్డిగారు 1890లో జన్మించిన న్యాయవాది. తెలుగువారు సభ జరుపుకొనుటకైనను నిజాము సర్కారు అనుమతి వేడవలసిన దినములలో, 1936లో షాద్‌నగరమున జరిగిన ఆంధ్రమహాసభకు ఆయన అధ్యక్షుడు. అంతకు అయిదేండ్ల ముందు దేవరకొండ సభకు అధ్యక్షత వహించినవారు బూర్గుల రామకృష్ణారావుగారు. ఇరువురును ఒకే ఉద్యమమున పెరిగినవారు. 1955లో వారి త్రోవలు వేరయ్యెను.

బూర్గులవారి జీవితమును కొంత తీరికగా పరికింపవలెను. ఆయన పారశీక సాహిత్యమున పండితుడు, సౌందర్యలహరిని తెనిగించిన కవి. 1952లో షాద్‌నగరమునుండి ఎన్నికై హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను. 1950 నాటి కౌలుదారీ చట్టమునకు 1954లో జరిగిన సవరణ ఆయన పాలనాకాలములోనిదే. రక్షిత కౌలుదారు తాను దున్ను భూమికి యజమాని యగుటకు అది మార్గ మేర్పరచెను. నేటికిని ఈ ప్రాంతపు భూవివాదములలో ‘38ఇ’ అను మాట వినవచ్చుచునే యున్నది. పట్టికలోని ఏ తేదీకన్నను విద్యార్థి తెలిసికొనదగినది ఇదియే.

1955లో ఫజలలీ సంఘము తెలంగాణమును కొంతకాలము వేరుగానే యుంచుట మేలని సూచించెను. మొదట సందేహమున నుండిన బూర్గులవారు తుదకు విశాలాంధ్రమునకు సమ్మతించిరి. రాష్ట్రముతోపాటు తన ముఖ్యమంత్రి పీఠమును పోవునని ఎరుగక కాదు. రంగారెడ్డిగారు వేరు రాష్ట్రమునే కోరిరి. అయినను 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒడంబడికపై ఇరువురును సంతకము చేసిరి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందొక నియమము. నవంబరు 1న రాష్ట్ర మేర్పడెను. తొలి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రియే లేడు. ఆ పదవిని నీలం సంజీవరెడ్డిగారు ఆరవవ్రేలితో పోల్చిరట! పిమ్మట దామోదరం సంజీవయ్యగారి మంత్రివర్గములో ఆ పదవి రంగారెడ్డిగారిదే. విలీనమును వ్యతిరేకించినవాడు అందలి పదవి నెట్లు స్వీకరించెనని ఆక్షేపించువారు కలరు. వ్రాసియిచ్చిన మాట ప్రకారము రావలసినదానిని పుచ్చుకొనుట లొంగుబాటు కాదు. ఇట్టి మాటలు నిలుపుకొననందుననే గదా 1969లో తెలంగాణము రగిలినది.

పీఠము విడిచిన బూర్గులవారు 1956లోనే కేరళకు గవర్నరుగా వెడలిరి. అమెరికా చరిత్ర చదువు విద్యార్థి ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. అక్కడ గవర్నరును రాష్ట్రప్రజలే ఎన్నుకొందురు. 1929లో న్యూయార్కు గవర్నరైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1933లో దేశాధ్యక్షు డయ్యెను. ఆ పదవి పైకి పోవు నిచ్చెన. మన గవర్నరును రాష్ట్రపతి నియమించును. ఆ పదవి తరచుగా రాజకీయమునకు విశ్రాంతి. పద మొక్కటే, అర్థము వేరు.

విశ్రాంతి యనుకొన్నచోటనే బూర్గులవారికి కఠినపరీక్ష ఎదురయ్యెను. శాసనసభలో బలముండగనే నంబూద్రిపాద్ మంత్రివర్గము 1959 జులై 31న తొలగింపబడెను. అందుకు ఆధారము గవర్నరు పంపిన నివేదిక. ఆ మంత్రివర్గము కౌలుదారులకు హక్కు లిచ్చు బిల్లును అప్పుడే సభలో నెగ్గించుకొనియుండెను. హైదరాబాదులో కౌలుదారునకు భూమి నిప్పించిన చేతితోనే ఆ నివేదికపై సంతకము పడినది. బూర్గులవారిని స్తుతించు వ్యాసములు ఈ ఘట్టమును మెల్లగా దాటవేయును. దాటవేయరాదు. కేంద్రము నియమించిన గవర్నరు ఎవరికి జవాబుదారి యను ప్రశ్నను తరగతిలో పెట్టుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము ఉపాధ్యాయునికి దొరకదు.